పెద్ద జాతి కోడిపిల్లల వీపు అన్నాళ్లు బోడిగా ఎందుకుంటుంది?

నాటుకోడి పిల్లా, పందెం జాతి అసీల్ పిల్లా ఒకే రోజు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చినా, నెల తిరిగేసరికి రెండింటిదీ ఒకే వయసంటే ఎవరూ నమ్మరు. నాటు పిల్లకు రెక్కలు, తోక, వీపు అన్నీ కుదిరి అచ్చం చిన్న సైజు కోడిలా తిరుగుతుంటుంది. అసీల్ పిల్ల కాళ్లు దానికంటే పొడుగు, ఒళ్లు దానికంటే బరువు. కానీ వీపు మీద ఎర్రటి చర్మం కనిపిస్తూ ఉంటుంది, తోక ఉండాల్సిన చోట ఇంకా నూగే ఉంటుంది. బ్రహ్మ, కొచిన్ లాంటి పెద్ద జాతుల పిల్లలైతే మరీ విచిత్రం. వీపంతా బోడి, కాలివేళ్ల మీద మాత్రం ఈకలు! వేలకు వేలు పోసి కొన్న పిల్లలు కాబట్టి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మందుల షాపులో విటమిన్ సీసా, కాల్షియం సీసా, పేల మందు వరసగా కొనేస్తారు. ఇంకో నెలకు ఈకలు వస్తాయి. ఆ పేరు చివరగా వాడిన సీసాకు దక్కుతుంది.

ఎక్కువసార్లు ఆ పిల్లకు ఏ జబ్బూ ఉండదు. కొన్నిసార్లు నిజంగానే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. బొచ్చు ఎంత ఉందో చూసి ఈ రెండింటినీ విడదీయలేం. ఏ చోట లేదు, ఆ చోట ఏం మొలుస్తోంది అన్నది చూడాలి. అది అర్థం కావాలంటే ఈక ఎలా పుడుతుందో కాస్త తెలియాలి.

గుడ్డులోనే మొదలు

ప్రతి ఈకా చర్మంలోని ఒక చిన్న గుంటలోంచి వస్తుంది. ఈ గుంటలకు పునాది గుడ్డులోనే పడుతుంది. 21 రోజుల పొదుగులో సుమారు ఏడో రోజుకే పిండం వీపు మీద ఈక మొగ్గలు వరసలు కట్టి కనిపిస్తాయి. పిల్ల బయటికొచ్చే సమయానికి గుంటల లెక్క దాదాపు ఖాయమైపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చే ఈకలన్నీ ఆ గుంటల్లోంచే రావాలి. మొదట నూగు, తర్వాత పిల్ల ఈక, ఆ తర్వాత పెద్ద ఈక, అన్నిటికీ చోటు అదే. కింద నుంచి కొత్త ఈక తోసుకొస్తుంటే పాత నూగు దాని కొసకు అంటుకునే పైకి వస్తుంది. మూడు వారాల పిల్లను చేతిలోకి తీసుకుని చూడండి, భుజం మీద కొత్త ఈక చివర పసుప్పచ్చని నూగు పోగు వేలాడుతూ కనిపిస్తుంది. రెండ్రోజుల్లో అది రాలిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఈక గుంటలు ఒళ్లంతా సమంగా పరుచుకుని ఉండవు, పట్టీలు పట్టీలుగా ఉంటాయి. పట్టీకీ పట్టీకీ మధ్య చర్మం ఖాళీయే. పెద్ద కోడిలో పక్క పట్టీ ఈకలు పొడుగ్గా పెరిగి ఆ ఖాళీని కప్పేస్తాయి కాబట్టి మనకు తెలియదు. పిల్లలో ఈకలు ఇంకా పొట్టివి, అందుకే ఖాళీ బయటపడుతుంది. పెద్ద జాతిలో దీనికి ఇంకోటి తోడవుతుంది. ఒళ్లు త్వరగా పెరుగుతుంది, చర్మం సాగుతుంది, గుంటలు మాత్రం అన్నే. దాంతో అవి ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఒళ్లు పెరిగే వేగం ఒకటి, ఈక పెరిగే వేగం ఇంకొకటి. నాటు పిల్లలో రెండూ కలిసి నడుస్తాయి, అసీల్, బ్రహ్మ పిల్లల్లో ఒళ్లు ముందు పోయి ఈక వెనకబడుతుంది.

ఈకలు వచ్చే వరస కూడా ఉంది. మొదట రెక్కలు, ఆ వెంటే తోక. తర్వాత భుజాలు, రొమ్ము, తొడలు. వీపు, మెడ వెనక, పొట్ట కింద ఆలస్యం. తల చివర్లో. తొందరగా ఈకలొచ్చే జాతి పిల్ల, ఉదాహరణకు లెగ్‌హార్న్, పది రోజులకే బుల్లి తోక ఆడిస్తుంది, రెక్క ఈకలు తోక దాకా అందుతాయి. పెద్ద జాతుల్లో చాలావాటికి ఆ వయసులో తోక ఉండదు, రెక్క కూడా పొట్టిగానే ఉంటుంది. తొందర జాతికి ఐదారు వారాల్లో ఒళ్లు కప్పుకుంటే, నిదానం జాతికి ఎనిమిది నుంచి పది వారాలు, కొన్ని పుంజులకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కాబట్టి ఆరు వారాల బ్రహ్మ పుంజు పిల్లకు వీపు బోడిగా ఉంటే అది తన లెక్క ప్రకారం సరిగ్గానే ఉన్నట్టు.

బ్రహ్మ కాలి ఈకల సంగతి వేరు. అక్కడ జరిగేది ఆలస్యం కాదు, దారి మారడం. మామూలుగా రెక్కను తయారుచేసే పనిలో ఉండే టీబీఎక్స్5 అనే జన్యువు ఈ జాతుల్లో కాలిలో కూడా పనిచేస్తుంది. పొలుసులు రావాల్సిన చోట ఈకలు మొలుస్తాయి.

ఆలస్యానికి జన్యువు, దాని చుట్టూ ఒక అపోహ

ఈకల ఆలస్యానికి కారణమయ్యే జన్యువుల్లో అందరికంటే పేరున్నది ‘కె’. 1920లలోనే దీన్ని గుర్తించారు. ఇది పుంజా పెట్టా అన్నది తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మనుషులకు తిరగేసినట్టుగా కోళ్లలో పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక్కటే జెడ్. ‘కె’ది పైచేయి, అంటే ఒక్క కాపీ ఉన్నా చాలు, ఈకలు నిదానంగా వస్తాయి. ఈ ఆలస్యం ఎందుకో 2008లో స్పష్టమైంది. ఆ క్రోమోజోమ్‌లో ఒక ముక్క రెండుసార్లు వచ్చి ఉంటుంది. అందులో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు కూడా కొంత భాగం ఉంది.

ఇక్కడి నుంచే హేచరీల్లో రెక్క చూసి పుంజూ పెట్టా వేరుచేసే పద్ధతి వచ్చింది. తొందర ఈకల పుంజును, నిదానం ఈకల పెట్టతో కలుపుతారు. పెట్ట తన ఒకే ఒక్క జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది కాబట్టి కొడుకులందరికీ ‘కె’ అందుతుంది, వాళ్లంతా నిదానం. కూతుళ్లకు జెడ్ తండ్రి నుంచే వస్తుంది, కాబట్టి వాళ్లంతా తొందర. రోజు పిల్ల రెక్క విప్పి చూస్తే, కింది వరస ఈకలు పై వరస కంటే స్పష్టంగా పొడుగుంటే పెట్ట. రెండు వరసలూ సమానంగా ఉన్నా, కింది వరసే పొట్టిగా ఉన్నా పుంజు. ఇది కూడా మొదటి రోజే బాగా తెలుస్తుంది, తర్వాత తేడా కలిసిపోతుంది.

ఈ కిటుకు వీడియోల్లో చూసి చాలామంది తమ అసీల్ పిల్లల రెక్కలు విప్పి చూస్తున్నారు. పని చేయదు. తల్లిదండ్రులిద్దరూ ఒకే జాతి అయితే, ఇద్దరిలో ఉండేదీ ‘కె’యే అయితే, పిల్లలన్నీ నిదానమే. అప్పుడు రెక్క పొడవులో పుంజూ లేదు, పెట్టా లేదు. తల్లి నిదానం, తండ్రి తొందర అని తెలిసి కలిపిన జతకు తప్ప ఈ పద్ధతి వర్తించదు. ఎక్కడో కొనుక్కొచ్చిన పది పిల్లల రెక్కలు చూసి “ఇవి ఏడూ పెట్టలే” అని చెప్పేవాళ్లు బొమ్మాబొరుసు వేస్తున్నట్టే.

దీనికంటే పల్లెల్లో పాతవాళ్లు వాడే గుర్తు కొంత నయం. ఒకే ఈడు పిల్లల్లో వీపు ఎక్కువకాలం బోడిగా ఉన్నది పుంజు, ముందుగా కప్పుకున్నది పెట్ట అంటారు. పెద్ద జాతుల్లో ఇది చాలాసార్లు నిజమవుతుంది. అచ్చమైన నిదానం జాతిలో పుంజుకు ‘కె’ రెండు కాపీలు, పెట్టకు ఒక్కటే. అయినా పూచీకత్తుగా చెప్పడానికి అది చాలదు. నడుము మీద సన్నగా, కొస తేలి మెరిసే ఈకలు వేలాడటం మొదలైతేనే పుంజని గట్టిగా చెప్పొచ్చు. అందుకు మూడు నెలలైనా పడుతుంది, పెద్ద జాతికి ఇంకొంచెం ఎక్కువ.

ఆ పుంజు ఈకల వెనక ఒక తమాషా ఉంది. అవి రావడానికి మగ హార్మోన్ అక్కర్లేదు. పెట్టలో ఉండే ఈస్ట్రోజెన్ ఈకను గుండ్రటి కొసతో, సాదాగా మారుస్తుంది. ఆ హార్మోన్ లేకపోతే ఈక దానంతటదే పుంజు ఈకలా వస్తుంది. వట్టలు తీసేసిన పుంజుకు జుట్టు కుదించుకుపోతుంది కానీ తోక, మెడ ఈకలు దర్జాగా పుంజువే ఉంటాయి. అండాశయం దెబ్బతిన్న ముసలి పెట్టకు ఒక్కోసారి పుంజు ఈకలు మొలుస్తాయి. దాన్ని అపశకునం అనుకుని కోసేసిన ఊళ్లూ ఉన్నాయి.

రంగు చూసి డబ్బు పెట్టేవాళ్లకు

ఒకసారి ఒళ్లంతా కప్పుకున్నాక పని అయిపోయిందనుకుంటాం. అవి పిల్ల ఈకలే, ఉండిపోయేవి కావు. ఒళ్లు ఇంకా పూర్తిగా కప్పుకోకముందే, ఐదారు వారాల ఈడు నుంచే రెక్కలో లోపలి పెద్ద ఈక ఒకటి రాలుతుంది. దాని చోట కొత్తది వస్తుంటే పక్కది రాలుతుంది, అలా లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటిగా మారుతూ పోతాయి. ఒంటి మీద కూడా మార్పు విడతలు విడతలుగా ఐదు నెలల దాకా సాగుతుంది. షెడ్డులో కుప్పలుగా ఈకలు కనిపించి కంగారు పడే రోజులివే.

గోదావరి జిల్లాల్లో, పల్నాడులో ఈ సంగతి డబ్బుతో ముడిపడుతుంది. డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల, సవల, కౌజు, మైల, పింగళ అని కుక్కుట శాస్త్రం చెప్పే రకాలన్నీ ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లే. అందులోనూ మెడ, వీపు, రెక్క మీది రంగులే ఎక్కువగా చూస్తారు. మరి మెడ, వీపు మీద అసలు రంగు తేలేది చివరి విడతలో! నెల పిల్లను “ఇది నెమలి” అని అమ్మితే అది ఊహే. వీపు మీద గోధుమ రంగు చారల నూగుతో పుట్టిన పిల్ల పెద్దయ్యాక నల్ల రొమ్ము, ఎర్ర మెడతో డేగ కావచ్చు. పూర్తి నల్లగా మారే పిల్ల పుట్టినప్పుడు పొట్ట కింద తెల్లగా, పసుపుగా ఉంటుంది, మొదటి రెక్క ఈకల కొసలు కూడా తెల్లగా రావచ్చు. ఆ తెలుపు చూసి కల్తీ రక్తమని పారేసిన మంచి కాకి పిల్లలు ఎన్నో! పుట్టించినవాడికి తల్లిదండ్రుల రంగు తెలుసు, అతను చెప్పే అంచనాకు కొంత విలువ ఉంది. మధ్యవర్తి చెప్పేదానికి అంత కూడా లేదు.

తిండి దగ్గర తప్పేది ఎక్కడ

ఈకలో దాదాపు తొంభై శాతం మాంసకృత్తే, అందులో అత్యధికం కెరాటిన్. ఆ కెరాటిన్‌కు గంధకం ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. కోడి దాన్ని తిండిలోంచి నేరుగా తీసుకుంటుంది, లేదా మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది. అంటే పిల్ల ఈకలు పెంచే రోజుల్లో దాని ఒళ్లు, దాని ఈకలు ఒకే తిండి కోసం పోటీ పడతాయి. పెద్ద జాతిలో ఒళ్లు అడిగేది ఎక్కువ, కాబట్టి తిండిలో లోటు ముందుగా ఈకల్లో బయటపడుతుంది.

మన దగ్గర పిల్లలకు వేసేది ఎక్కువగా నూకలు. నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం చుట్టుపక్కల. మొక్కజొన్నలో కూడా దాదాపు అంతే. పిల్లకు కావాల్సింది సుమారు ఇరవై శాతం. ఈ తేడాను ఏ విటమిన్ సీసా కూడా పూడ్చలేదు, ఎందుకంటే సీసాలో మాంసకృత్తి ఉండదు. నాటు పిల్ల తల్లి వెంట తిరిగి పురుగూ పుట్రా ఏరుకుని లోటు తీర్చుకుంటుంది. పాతవాళ్లు చెదపుట్ట తవ్వి చెదలు వేసేవాళ్లు, అది మామూలు వైద్యం కాదు, అసలు వైద్యం. కేజ్‌లో పెరిగే అసీల్ పిల్లకు ఆ దారి లేదు. కంపెనీ స్టార్టర్ దాణా ఎనిమిది వారాల దాకా వేయడం తేలికైన పని. సొంతంగా కలుపుకునేవాళ్లు సోయా చెక్క మీదే ఆధారపడితే మాంసకృత్తి లెక్క సరిపోతుంది, మిథియోనిన్ మాత్రం తక్కువ పడుతుంది. ఉప్పు తక్కువున్న ఎండు చేపో, ఉడకబెట్టిన గుడ్డో అందుకే మేలు. దాణా కంపెనీలు మిథియోనిన్‌ను విడిగా కలిపేది కూడా ఇందుకే.

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఊరికే వస్తున్నాయని పిల్లలకు పోయకండి. కొన్ని బూజు విషాలు ఈకను నేరుగా పాడుచేస్తాయి. అలాంటి పిల్ల ఈకలు ఒళ్లుకు అంటిపెట్టుకోకుండా వంకరగా, నాలుగు దిక్కులకూ లేచి ఉంటాయి. జింకు, పాంటోథెనిక్ ఆమ్లం లోటులో కూడా ఈక చిరిగినట్టు, గరుగ్గా వస్తుంది. రెక్క ఈకలు ఫ్యాన్ రెక్కల్లా పక్కకు పొడుచుకుని, పిల్ల కూడా ఎదగకుండా ఉంటే అది పేగుల జబ్బు. తిన్నది ఒంటబట్టడం లేదని అర్థం. అక్కడ డాక్టరు కావాలి.

తిండి ఎప్పుడు తప్పిందో ఈకే చెబుతుంది. ఈక మొదట్లోంచి పెరుగుతుంది, కొస అన్నిటికంటే పాతది. రాలిన రెక్క ఈక ఒకటి తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీత, అక్కడ ఈక పలచబడినట్టు, వేలితో వంచితే అక్కడే విరిగేలా కనిపిస్తే, ఆ భాగం పెరుగుతున్న రోజున పిల్లకు ఏదో ఇబ్బంది వచ్చింది. జ్వరం, ఆకలి, బస్సు టాప్ మీద ప్రయాణం, ఏదైనా కావచ్చు. ఒకే పొదుగు పిల్లలన్నిటికీ ఒకే చోట గీత ఉంటే కారణం మందకంతా ఒకటే. ఒక్కదానికే ఉంటే ఆ ఒక్క పిల్ల సంగతి. విటమిన్ సీసా కొనే ముందు ఈ పరీక్ష చేస్తే చాలా డబ్బు మిగులుతుంది.

చలి, పొడుచుకోవడం, పేలు

ఆలస్యం జబ్బు కాకపోయినా దానివల్ల కష్టాలు మాత్రం ఉంటాయి. మొదటిది చలి. రోజు పిల్లకు బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే బల్బు ఏర్పాటు) కింద 35 డిగ్రీల దాకా వేడి ఇచ్చి, వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావడం మామూలు పద్ధతి. నాలుగు వారాలకు బల్బు తీసేయడం బ్రాయిలర్ లెక్క. అదే లెక్క అసీల్, బ్రహ్మ పిల్లలకు పెడితే తప్పు. క్యాలెండర్ చూసి కాదు, వీపు చూసి బల్బు తీయాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తన వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకాల పిల్లలను ఆరు వారాలు నర్సరీలో పెంచాకే పెరట్లోకి వదలమంటుంది. వాటికే అన్నాళ్లయితే, ఇంకా నిదానంగా ఈకలొచ్చే జాతికి, అదీ తల్లి రెక్కల కింది వెచ్చదనం లేకుండా డిసెంబరులో అట్టపెట్టెలో వచ్చే పిల్లకు, ఎన్నాళ్లు కావాలో ఊహించుకోవచ్చు. పిల్లలు రాత్రి ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకుంటున్నాయంటే వేడి చాలడం లేదు.

రెండోది పక్క పిల్ల ముక్కు. కొత్తగా పొడుచుకొచ్చే ఈక చూడటానికి ముల్లులా ఉంటుంది, దాని కాడలో నెత్తురు పారుతుంటుంది. ఎర్రటి చర్మం మీద ముదురు రంగు ముళ్లు, ఒకటి విరిగితే నెత్తుటి చుక్క, ఇక మిగతా పిల్లలు ఆగవు. ఇరుకు, ఎక్కువ వెలుతురు, తిండిలో లోటు ఉంటే ఈ అలవాటు మందంతా పాకుతుంది. గాయమైన పిల్లను ఆ గంటలోనే వేరుచేయాలి.

బోడి చోటును వేలితో తడిమి చూడండి. ముళ్లలా మొలకలు తగులుతుంటే ఈక వస్తోంది, ఓపిక పట్టండి. మొలకలు విరిగి, కాడలు మొండిగా ఉండి, నెత్తురు ఎండి ఉంటే పొడుస్తున్నాయి. చర్మం నున్నగా ఉండి, ఎక్కువగా తోక మొదట్లో, పక్క పిల్లలకు ముక్కు అందే చోటే బోడిగా ఉంటే కూడా అనుమానం అదే. గుద్దం చుట్టూ ఈక మొదళ్లకు తెల్లటి గుడ్ల గుత్తులు అంటుకుని ఉంటే పేలు. కోడి పేలల్లో ఒక రకం లేత ఈక కాడను కొరికి నెత్తురు కూడా తాగుతుంది. పేలకు పొలం మందు కొట్టేవాళ్లున్నారు. బోడి చర్మం ఉన్న పిల్లకు అది ప్రాణాంతకం. పొడి బూడిద, ఇసుక కలిపిన గుంటలో పొర్లనివ్వండి, తగ్గకపోతే పశువుల డాక్టరు చెప్పిన మందే వాడండి.

రెక్కలు వాల్చడం మీద కూడా గందరగోళం ఉంది. తొందర ఈకల పిల్లల్లో రెండు మూడు వారాల వయసులో రెక్క ఈకలు ఒంటికి మించి పెరిగి, ఆ బరువుకే రెక్క కాస్త వాలుతుంది. పిల్ల చురుగ్గా తింటుంటే ఫరవాలేదు. నిదానం జాతి పిల్లకు రెక్క ఈకలే పొట్టివి, దానికి ఈ మినహాయింపు లేదు. అది రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని, మూల నిలబడిందంటే కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) లాంటిది అనుమానించి ముందు రెట్ట చూడాలి.

అసీల్ విషయంలో మరొకటి. ఈ జాతి ఈక గట్టిది, పొట్టిది, ఒంటికి అతుక్కుని ఉండేది, కింద మెత్తటి నూగు తక్కువ. రొమ్ము ఎముక వెంబడి, రెక్క కీలు దగ్గర ఎర్ర చర్మం కనిపించడం పెద్దయ్యాక కూడా మామూలే, అది జాతి లక్షణం. ఆర్నెల్ల పుంజు రొమ్ము మధ్య గీతలా బోడిగా ఉందని ఇంకా మందులు వాడుతున్నవాళ్లు ఆపేయొచ్చు. అదే ఆరు నెలల వయసులో వీపు బోడిగా ఉంటే మాత్రం దానికి ‘కె’ జన్యువును నిందించి ప్రయోజనం లేదు. అప్పటికి దాని గడువు ఎప్పుడో దాటిపోయింది.